పూడ్చిన గుంట

ఫిబ్రవరి 6

మామయ్యగారికి,

నాలుగుసార్లు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మీ కింద వాటా ఆవిడకి చేస్తే, "ఇంట్లోనే ఉన్నారమ్మా, ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నారు, ఎత్తరంతే" అంది. అందుకని ఈ ఉత్తరం.

నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, ల్యాబుకి వెళ్తున్నాను. ఎలా ఉన్నావని ఎవరడిగినా ఈ మూడూ వరసగా చెబుతున్నాను. వాళ్ళు తలాడించి వెళ్ళిపోతున్నారు. ఆయన పోయి ఆర్నెల్లయింది. ఏడుపు రావడం లేదు, రావాలనీ లేదు. అప్పుడు మీరు ఇక్కడున్న నాలుగు రోజులూ మనిద్దరం ఒక్క మాట మాట్లాడుకున్నట్టు కూడా గుర్తులేదు.

ఒక పని కోసం రాస్తున్నాను. మేమిద్దరం చేస్తున్న పనేమిటో ఆయన మీకు ఎప్పుడైనా చెప్పారో లేదో. మూలకణాలని ఉంటాయి. ఇంకా ఏదీ కాని కణాలు. వాటికి ఒక మందు చుక్కలు చుక్కలుగా ఇస్తూ పోతే, మూలకణాలుగా ఉండటం మానేసి నరాల కణాలుగా మారతాయి. ఆయన వాటిని గాజు డిష్షుల్లో పెంచి లెక్కపెట్టేవారు. ఆ లెక్కల నుంచి నేను సమీకరణాలు రాస్తాను. ఎప్పుడు మారతాయి, ఎందుకు మారతాయి, మారినవి వెనక్కి వస్తాయా అని.

ఒక్కో కణంలో రెండు గుర్తులు చూస్తాం. మూలకణం గుర్తు ఎర్రగా వెలుగుతుంది, నరాల కణానిది ఆకుపచ్చగా. ఎరుపు పెరిగే కొద్దీ తూర్పుకి జరిగినట్టు, ఆకుపచ్చ పెరిగే కొద్దీ ఉత్తరానికి జరిగినట్టు అనుకోండి. ఇటు నలభై గళ్ళు, అటు నలభై. ఏ గడిలో కణాలు ఎక్కువ దొరికితే అక్కడ నేల లోతు. ఎక్కడ దొరక్కపోతే అక్కడ ఎత్తు. అలా పదహారు వందల అంకెలు వచ్చాయి. మందు మొదలుపెట్టిన మూడో రోజువి దీనితో పంపుతున్నాను.

ఒకే ఎత్తున్న గళ్ళని కలుపుతూ వీటికి కాంటూరు గీతలు గీసిపెడతారా? కంప్యూటరు గీస్తుంది, రంగులు కూడా వేస్తుంది. దాన్ని చూస్తూ కూర్చుంటున్నాను గానీ నాకేమీ కనిపించడం లేదు. "మా నాన్న చేత్తో గీస్తే నేల ఎటు వాలిందో అరికాలికి తెలుస్తుంది" అనేవారు ఆయన.

తొందరేం లేదు.

మీ కోడలు


ఫిబ్రవరి 17

అమ్మాయీ,

ఉభయకుశలోపరి అని అలవాటు కొద్దీ రాసి కొట్టేశాను. ఇక్కడ కుశలం లేదు, అక్కడా లేదు, మధ్యన ఆ ముక్క ఎందుకు. పైన నల్లగా కనిపిస్తున్నది అదే.

నీ అంకెలు అందాయి. అందమైన అంకెలు. ఒక్కటీ దిద్దినట్టు లేదు. మెషిన్ రాసినవి కదా, దానికేం, తప్పు రాసినా గుండ్రంగానే రాస్తుంది.

కింద వాటా ఆవిడ మాట పట్టించుకోకు. ఆవిడకి పొద్దుపోక నా మీద చాడీలు చెబుతుంది. నా చెవులు సరిగ్గా లేవు, అందుకే ఫోన్ ఎత్తడం లేదు. అంతకు మించి ఏమీ లేదు.

నేను ఇప్పటికీ వారానికి మూడు రోజులు సర్వే ఆఫీసు డ్రాయింగ్ సెక్షన్‌కి వెళ్తున్నాను. ఉద్యోగం పదేళ్ళ కిందటే అయిపోయింది. పాత షీట్లు చదవడం ఇప్పటివాళ్ళకి రాక నన్ను పిలుస్తారు. కిటికీ దగ్గర బోర్డు నాది. ఎవరూ ముట్టుకోరు. ఎందుకంటే దాని కాలొకటి పొట్టి.

కాబట్టి గీస్తాను. అయితే సర్వేవాణ్ణి అడగాల్సినవి అడుగుతాను. గీతకీ గీతకీ ఎత్తు తేడా ఎంత వెయ్యమంటావు? ఈ నేల మీద పడిన నీరు ఎటు పోవాలి? అసలు నేలే లేని చోటుని కొలవమంటున్నావు. నేల విడిచి సాము చెయ్యకూడదంటారు, నా చేత ఈ వయసులో అదే చేయిస్తున్నావు. ఒక మాట ముందే చెబుతున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో వెళ్ళి నేల చూడకుండా ఏ షీటు మీదా సంతకం పెట్టలేదు. దీని మీదా పెట్టను. గీసి ఇస్తాను, అంతవరకే.

ఇంకో మాట. నాకేదో కాలక్షేపం కల్పిద్దామని ఈ అంకెలు పంపావని నాకు తెలుసు. నీకు వయసుంది. నన్ను కనిపెట్టుకుని ఉండాల్సిన పని నీకు లేదు. నీ దారి నువ్వు చూసుకోవాలి.

వేళకి తిను.

మామయ్య


ఫిబ్రవరి 26

మామయ్యగారికి,

గీతకీ గీతకీ తేడా అర పాయింటు వెయ్యండి.

కాలక్షేపానికి పంపలేదు. నాకు నిజంగానే కావాలి. పైగా మీరే నాకు కాలక్షేపం కల్పిస్తున్నారని అనుకున్నాను.

ఈ నేల మీద నీరు పడదు. నీటికి బదులు కణాలే. అవి కుదురుగా ఉండవు, ఎప్పుడూ కాస్త ఊగుతుంటాయి. మందు వెయ్యకముందు తూర్పున ఒకటే లోయ, కణాలన్నీ అందులోనే. మందు పడే కొద్దీ ఉత్తరాన ఇంకో లోయ ఏర్పడుతుంది. అందరూ ఏమనుకుంటారంటే, కణం కష్టపడి గట్టెక్కి అవతలి లోయలోకి దిగుతుందని. నా సమీకరణం అలా చెప్పడం లేదు. కణం ఎక్కదు. దాని కింద ఉన్న లోయే మెల్లగా పైకి లేచి చదునైపోతుంది. చదునయ్యే ముందు కణం ఊగడం ఎక్కువవుతుంది. ఆ తర్వాత ఉండటానికి చోటు లేక జారిపోతుంది. అప్పుడు మందు ఆపేసినా వెనక్కి రాదు. వెనక్కి రావాలంటే ఈసారి నిజంగానే గట్టెక్కాలి.

మీరు నేల కదిలితే భూకంపం అంటారేమో. ఇక్కడ దాన్ని మూడో రోజు అంటాం.

ఇక్కడ విశేషాలేం లేవు. పక్క బల్ల ఆయన రోజూ ఫ్లాస్కులో టీ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్తారు. ఏమీ మాట్లాడరు. నాకదే బాగుంది. చల్లగదిలోకి వెళ్ళేటప్పుడు ఆయన కోటు, మీ అబ్బాయిది, వేసుకుంటున్నాను. చూసినవాళ్ళు తల తిప్పుకుంటున్నారు. వెచ్చగా ఉంటుందని వేసుకుంటున్నాను, ఇంకేం లేదు. కుడి జేబులో బస్సు టికెట్టు ఒకటి ఉంది. ఆ రోజుది కాదు, అంతకుముందు వారంది. దాన్ని అందులోనే ఉంచాను.

ఆయన బ్రష్షు కూడా గ్లాసులోనే ఉంది. తియ్యాలా వద్దా అని ఆలోచించడానికి కూడా ఓపిక లేదు. ఉంది, అంతే.

మీ కోడలు


మార్చి 19

అమ్మాయీ,

షీటు ఈ ట్యూబులో పెట్టాను. తీసేటప్పుడు మెలితిప్పి లాగకు, ట్రేసింగ్ కాగితం మూల చిరుగుతుంది. పదిహేను రోజులు పట్టింది. కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని గీశాను. సెక్షన్లో వాళ్ళు వచ్చి చూసి "ఏ ఊరండీ ఇది?" అన్నారు. మా కోడలి ఊరు అన్నాను.

బాగా వచ్చింది. తూర్పు లోయ నువ్వు చెప్పినట్టే చదునైపోతోంది, గీతలు ఎడంగా పడ్డాయి. ఉత్తరం లోయ నిటారు. నడిచేవాడు జాగ్రత్తగా దిగాలి.

ఒక్క చోట తప్పుంటే సరిచేశాను. నైరుతి మూల, ఎనిమిదో వరసలో తొమ్మిదో గడి దగ్గర, చుట్టూ గట్టు, మధ్యలో చిన్న గుంట వచ్చింది. అందులోంచి బయటికి దారి లేదు. మా సెక్షన్లో చేరినవాడికి మొదటి రోజు చెప్పే పాఠం ఒకటుంది. షీటు మీద నీరు పోయే దారి లేని గుంట కనిపిస్తే, ముందు ఎత్తులు రాసుకున్న లెవెల్ పుస్తకాన్ని అనుమానించు, తర్వాత కొలతకర్ర పట్టుకున్నవాణ్ణి, ఆ తర్వాతే నేలని. పుస్తకం నా దగ్గర లేదు, కర్ర పట్టుకున్నవాడెవడో తెలియదు. అందుకని గుంట పూడ్చేసి గీతల్ని వాలుగా కలిపేశాను. కొత్తగా చూసేవాళ్ళకి అక్కడేదో ఉందనే తెలియదు. అతుకు లేకుండా కలపడం నాకు బాగా వచ్చిన విద్య.

నీ ఉత్తరంలో టీ ఫ్లాస్కు ఆయన సంగతి రాశావు. నేను పాతకాలం వాణ్ణే గానీ మూర్ఖుణ్ణి కాదు. ఆయన మంచివాడైతే, నీకు ఇష్టమైతే, నా వైపు నుంచి అడ్డేమీ లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదనిపించి రాస్తున్నాను. కోటు కూడా ఎవరికైనా ఇచ్చెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య


మార్చి 28

మామయ్యగారికి,

షీటు అందింది. మూల చిరగలేదు.

మీరు పూడ్చింది తప్పు కాదు. ఆ కర్ర పట్టుకున్నది మీ అబ్బాయి.

మెషిన్ కణాల వెలుగు చూసి లెక్కపెడుతుంది. ఎరుపూ ఆకుపచ్చా రెండూ వెలగనివాటిని దుమ్మనుకుని వదిలేస్తుంది. ఆయన పోవడానికి ముందు చేసిన ఆఖరి బ్యాచ్‌లో, వదిలేసినవాటిని కూడా మామూలు దీపం కింద కంటితో లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాశారు. అవి దుమ్ము కాదు, కణాలే. మూలకణం గుర్తు ఆరిపోయింది, నరాల కణం గుర్తు ఇంకా వెలగలేదు. అలాంటివి అన్నీ ఒకే చోట చేరాయి. ఆ గుంట అదే. ఆయన రోజుకి పన్నెండు గంటలు మెడ వంచి చూసి కనిపెట్టింది అదొక్కటే. బస్సులో గుండె ఆగింది ఆ తర్వాత నాలుగో రోజున.

మా ల్యాబు పెద్ద మేడం ఆ బ్యాచ్ తీసేద్దామంటోంది. నోటుపుస్తకంలో ఆ గళ్ళలోనే కొన్ని అంకెల కింద చుక్కలున్నాయి, మరెక్కడా లేవు. "ఆయనకే అనుమానమున్న చోట చుక్క పెట్టుకున్నాడు. ఒంట్లో బాగోలేని మనిషి. కణమంటే ఇదైనా అవుతుంది, అదైనా అవుతుంది. మధ్యలో ఏమీ కాకుండా ఎలా ఉంటుందమ్మా?" అంది. నిర్ణయం మే నెలాఖరున. తీసేస్తే మేం రాస్తున్న పరిశోధన పేపర్లో ఆయన పని ఏమీ మిగలదు. పేరు కింద, సాయం చేసినవారి వరసలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మీరు గీస్తే గుంట అందరికీ కనబడుతుందని పంపాను. మీకు కూడా చెరిపెయ్యడం తేలికగానే అయింది.

టీ ఫ్లాస్కు ఆయనకి అరవై రెండేళ్ళు. ముగ్గురు మనవలు. టీ వాళ్ళావిడ పెట్టి పంపిస్తుంది.

నా దారి నన్ను చూసుకోమన్నారు, కోటు ఇచ్చెయ్యమన్నారు, ఫోన్ ఎత్తరు. మీ చెవులకేమీ కాలేదని కింద వాటా ఆవిడ చెప్పింది. నాకు అర్థమైంది. మీ అబ్బాయి పోయాడని మీకు చెప్పిన గొంతు నాది. దాన్ని మళ్ళీ వినడం మీకు ఇష్టం లేదు. తప్పు పట్టను. నాకే వినబుద్ధి కాదు.


ఏప్రిల్ 20

అమ్మాయీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు. రోజూ రాద్దామని కూర్చున్నాను. చివర నువ్వు "మీ కోడలు" అని రాయలేదు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను.

లెవెల్ పుస్తకం చూడకుండా గుంట పూడ్చాను. ఇదే పని నా కింద పనిచేసినవాడు చేసుంటే వారం రోజులు బోర్డు ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. నేనూ వారం ముట్టుకోలేదు.

ఫ్లాస్కు ఆయనకీ, వాళ్ళావిడకీ నా తరఫున ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. ఏమీ చెప్పకు. నలుగురిలో నవ్వులపాలయ్యేవాణ్ణి, నాలుగు గోడల మధ్య అయ్యాను, అంతవరకు నయం.

ఆ నోటుపుస్తకం పేజీలు పంపు. చుక్కలున్నవీ, లేనివీ, అన్నీ. దిద్దుబాట్లు కనిపించేలా జిరాక్సు తీయించు.

గొంతు గురించి నువ్వు రాసినదానికి జవాబుంది. ముందు ఈ పని కానివ్వు.

మామయ్య


ఏప్రిల్ 29

మామయ్యగారికి,

పద్నాలుగు పేజీలు. అసలు పుస్తకం నా బల్ల సొరుగులో ఉంది.

మీరు అడగలేదు గానీ చెబుతాను. ఆ గుంటని సమీకరణంలో కూడా పెట్టి చూశాను. దాన్ని కలిపితే, మారడానికి పట్టే కాలం ఆయన డిష్షుల్లో కనిపించిన కాలంతో సరిపోతోంది. కలపకపోతే కణాలు మరీ త్వరగా మారిపోతున్నాయి. రెండేళ్ళుగా నాకు కుదరని లెక్క అది. అయినా మేడం నమ్మదు. "నీకు కావాల్సిన చోట గుంట తవ్వుకుని లెక్క కుదిరిందంటున్నావు" అంటోంది. ఆమె చోట నేనున్నా అదే అంటాను. సమీకరణం సాక్ష్యం చెప్పలేదు, చూసిన కన్నే చెప్పాలి.

గుంటలో పడిన కణం చాలా రోజులు అక్కడే ఉంటుంది. మందు పెంచితే కొన్ని ఉత్తరానికి వెళ్తాయి. ఊగి ఊగి కొన్ని వాటంతట అవే గట్టు దాటతాయి. ఏ కణం ఎప్పుడు దాటుతుందో చెప్పలేం, వందలో ఎన్ని దాటతాయో చెప్పగలం. కొన్ని ఎన్నాళ్ళయినా దాటవు. చచ్చిపోవు. తింటాయి, ఊపిరి తీసుకుంటాయి. రెండుగా చీలవు. వెనక్కీ పోవు.

నిన్న మేడం అడిగింది, ఇల్లు మారే ఉద్దేశం ఉందా, చిన్నది చూసుకుంటే వీలుగా ఉంటుంది కదా అని. ఉందన్నాను. తర్వాత లేదన్నాను. రెండూ నిజం కాదు.

కోడలు


మే 9

అమ్మాయీ,

ఇది జాగ్రత్తగా చదువు, మీ మేడంకి కూడా చదివి వినిపించు.

అనుమానమున్న చోట చుక్క పెట్టరు. అనుమానం తీరిన చోట పెడతారు. మా ఆఫీసులో నాకంటే ముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. లెవెల్ పుస్తకంలో ఏదైనా అంకె వింతగా కనిపిస్తే దాన్ని అరచేత్తో మూసి, కొలత మళ్ళీ మొదటి నుంచి చూడాలి. రెండోసారీ అదే వస్తే కింద చుక్క. వేరేది వస్తే పాతది కొట్టేసి పైన కొత్తది రాయాలి, చుక్క పెట్టకూడదు. వాడికి పదకొండేళ్ళప్పుడు సెలవుల్లో నాతో పాటు కొలతలకి తీసుకెళ్ళేవాణ్ణి. పుస్తకం వాడి చేతికిచ్చేవాణ్ణి. అరచేయి చిన్నది, అంకె సరిగ్గా మూసేది కాదు. తొంగి చూస్తున్నావురా దొంగా అంటే, రెండు చేతులూ అడ్డం పెట్టేవాడు.

నువ్వు పంపినవాటిలో ఆరో పేజీ తియ్యి. పైనుంచి నాలుగో అంకె, పదకొండోది. రెండూ కొట్టేసి పైన వేరే అంకెలు రాసి ఉన్నాయి. వాటి కింద చుక్క లేదు. మిగతా ముప్పై ఒక్కటికీ ఉంది. అంటే వాడు ఆ గళ్ళన్నీ రెండుసార్లు లెక్కపెట్టాడు, ముప్పై ఒక్క చోట్ల రెండో లెక్క మొదటిదానితో కలిసింది. ఇవి ఒంట్లో బాగోలేని మనిషి రాసిన అంకెలు కావు. నా దగ్గర పాత లెవెల్ పుస్తకాలు రెండున్నాయి, ఇవే చుక్కలు, ఒకదాంట్లో వాడి చిన్నప్పటి చేతిరాత కూడా ఉంది. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. చూసి వెనక్కి పంపమను.

కొత్త షీటు గీశాను. గుంట ఉంది. గుంట అని తెలియడానికి గీతకి లోపలివైపు పళ్ళలాగా చిన్న గీతలు పెడతాం, అవీ పెట్టాను. మా భాషలో ఇలాంటిదాన్ని రెంటికీ చెడ్డ రేవడి అంటాం. అలాంటి చోట మనిషి ఉంటాడని తెలిసే వయసు నాది. తెలిసి కూడా పూడ్చాను. నిన్నూ అందులోంచి అటో ఇటో తోసెయ్యాలని చూశాను. అటు వెళ్ళిపొమ్మంటే నేను మంచివాణ్ణవుతాననుకున్నాను.

ఇక ఫోన్ సంగతి. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందో లేదో చూద్దాం.

ఆ రోజు నేను సెక్షన్లో బోర్డు మీద ఉన్నాను. గీత సగంలో ఉంది. కాంటూరు గీత మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుంది. జేబులో ఫోన్ మోగింది, ఎడమ చేత్తో తీశాను. నువ్వు చెప్పావు. నేను "సరే" అన్నాను. సరే, ఉంటాను అని పెట్టేశాను. పెట్టేసి ఆ గీత పూర్తి చేశాను. అతుకు లేకుండా వచ్చింది. ఆ షీటు బీరువాలో రెండో అరలో ఉంది, నేను ఆ అర తెరవను.

కొడుకు పోయాడంటే సరే అన్న మనిషిని నేను. అవతల నువ్వొక్కదానివి, ఆస్పత్రి వరండాలో. ఇదమ్మా సంగతి. నీ గొంతు వినబుద్ధి కాక కాదు. నువ్వు నా గొంతు వింటే ఆ సరే మళ్ళీ వినపడుతుందని. మొహం చెల్లలేదు.

కోటు ఎవరికీ ఇవ్వకు.

మామయ్య


జూన్ 30

మామయ్యగారికి,

ఆలస్యానికి కారణం ఉంది, చెబుతాను.

మీ లెవెల్ పుస్తకాలు మేడం తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. గంట తర్వాత బయటికొచ్చి, "తీసెయ్యడం లేదు. అలాగని ఈ చుక్కలు చూసి ఒప్పుకోవడమూ లేదు. మళ్ళీ పెంచండి, మళ్ళీ లెక్కపెట్టండి" అంది. అదే సరైన పని. ఫ్లాస్కు ఆయన కణాలు పెంచారు. మూడో రోజు డిష్షు బయటికి తీసి మామూలు దీపం కింద ఆయన ఒకసారి లెక్కపెట్టారు. రెండోసారి ఎవరని చూస్తే అందరూ నన్ను చూశారు.

పదకొండేళ్ళుగా ఈ కణాల మీద లెక్కలు రాస్తున్నాను మామయ్యా, ఒక్కసారి కూడా మైక్రోస్కోపు అద్దంలోంచి చూడలేదు. నాకు అవి అంకెలు. మీ అబ్బాయి ఎన్నోసార్లు రమ్మన్నారు, ఈ సమీకరణం అయ్యాక వస్తానన్నాను. ఇప్పుడు కోటు వేసుకుని కూర్చున్నాను. ఫ్లాస్కు ఆయన అంకెల మీద అరచేయి పెట్టుకుని లెక్కపెట్టాను. అవి బూడిద రంగులో ఉన్నాయి, చాలా మామూలుగా ఉన్నాయి. చుట్టూ మిగతావి వెలుగుతుంటే ఇవి ఊరికే ఉన్నాయి. రెండు రోజులు పట్టింది. మెడ పట్టేసింది. ఆయన మెడ రోజూ పట్టేసేదని, నేను విసుక్కుంటూ నూనె రాసేదాన్నని గుర్తొచ్చింది. రెండో రోజు సాయంత్రం అద్దం మీద తడి చేరి కనిపించడం మానేసింది. కాసేపటి దాకా అది నా కళ్ళలోది అని తెలియలేదు. ఫ్లాస్కు ఆయన వచ్చి అద్దం తుడిచి వెళ్ళారు.

ఎనిమిదో వరస, తొమ్మిదో గడి. గుంట అక్కడే ఉంది.

పేపర్లో మొదటి పేరు మీ అబ్బాయిది. రెండోది నాది. మీ షీటు బొమ్మగా వేస్తున్నారు, రంగులేమీ వెయ్యకుండా.

ఇప్పుడు రెండో సంగతి. మీరు సరే అన్నట్టు నాకు గుర్తే లేదు. ఈ నెలన్నరగా ఆలోచిస్తున్నాను. నాకు గుర్తున్నదేమిటంటే, చెప్పాల్సింది చెప్పేసి, మీరేమంటారో వినే ధైర్యం లేక నేనే ఫోన్ పెట్టేశాను. తండ్రికి ఆ మాట చెప్పి, ఆయన నోట్లోంచి మాట రాకముందే పెట్టేసిన మనిషిని నేను. పదకొండు నెలలుగా నా లెక్క అది.

మీ లెక్కా నా లెక్కా కలవలేదు. ఇద్దరిలో ఎవరిది కొట్టెయ్యాలో తెలియదు. కలవకపోతే మళ్ళీ చూడాలని మీరే రాశారు. జులై తొమ్మిది, బుధవారం, పొద్దున్న పదకొండింటికి ఫోన్ చేస్తాను. ఆ రోజు మీరు సెక్షన్‌కి వెళ్ళరని కింద వాటా ఆవిడ చెప్పింది. ఎత్తండి.

మీ కోడలు


జులై 10

అమ్మాయీ,

షీటు మీద సంతకం చోటు ఇంకా ఖాళీగానే ఉందని నిన్న చెప్పడం మరిచిపోయాను. నేల చూడకుండా పెట్టనని మొదటే రాశాను కదా. సోమవారం బండికి వస్తున్నాను. ఆ డిష్షు ఒకటి ఉంచమని ఫ్లాస్కు ఆయనకి చెప్పు. ఎదురు రావద్దు, చిరునామా నా దగ్గర ఉంది. మ్యాపు చదవడం వచ్చినవాణ్ణి.

కింద వాటా ఆవిడ పదకొండు కాకముందే ఏదో అప్పడిగే నెపంతో పైకొచ్చి గుమ్మంలో నిలబడింది. మోగగానే "ఎత్తండి, ఎత్తండి" అని ఆవిడే కంగారుపడింది. నేను కంగారుపడలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఎత్తాను, వినడానికి.

నిన్నటిది నా పుస్తకంలో రాసిపెట్టుకున్నాను, రేపు మళ్ళీ ఎవరి లెక్క ఎవరిదో తెలియకుండా పోకుండా. మూడో మోతకి ఎత్తాను. ఇరవై రెండు నిమిషాలు. ముందు నువ్వు ఏడ్చావు. తర్వాత నేను. సరే అనే మాట నేను ఒక్కసారీ అనలేదు. ఫోన్ నువ్వు పెట్టెయ్యలేదు, నేను పెట్టెయ్యలేదు, లైను తెగిపోయింది.

ఇది చదవకముందే నీకు ఎలా గుర్తుందో అలా ఒక కాగితం మీద రాసి ఉంచు. ఇప్పటికే చదివేసి ఉంటావు, దొంగా. అయినా రాయి. సోమవారం వచ్చాక పక్కపక్కన పెట్టి చూద్దాం. కలిస్తే కింద చుక్క పెడతాను.

మామయ్య